పాత పికప్‌కి టిల్ట్ స్టీరింగ్ కాలమ్ ఎలా ఎంచుకోవాలి

మా నాన్న పికప్ దిగే తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంటుంది. ముందు కుడికాలు బయట పెట్టేవారు. తర్వాత స్టీరింగ్ చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని, పొట్ట లోపలికి లాక్కుని, ఒక పక్కకి వాలి కిందికి జారేవారు. పలాసలో జీడిపప్పు డబ్బాలు ఎక్కించుకుని విజయనగరంలో దింపేసరికి ఆ ఎక్కడం దిగడం పదిసార్లయినా అయ్యేది. బండి పాత మహీంద్రా, జీపు మూతిది. అమ్మేద్దామని ఇంట్లో అందరం చెప్పి చూశాం. ఆయన ససేమిరా అన్నారు. బండి మార్చనంటే చక్రం ఉండే చోటయినా మారుద్దామని అప్పుడు మొదలుపెట్టాను.

దానికి కావలసింది టిల్ట్ కాలమ్, అంటే చక్రాన్ని మోస్తూ, దాన్ని పైకీ కిందకీ వంచుకోనిచ్చే గొట్టం. ఆ పనికి నాకు ఏడాది పట్టింది. మధ్యలో ఒకసారి పనికిరాని కాలమ్ కొని డబ్బు పోగొట్టుకున్నాను కూడా. మీ ఇంట్లోనూ అలాంటి పాత పికప్ ఉండి, దాన్ని వదులుకోలేక, నడపలేక ఇబ్బంది పడుతుంటే ఇది మీకోసమే.

ఒక్క మాట ముందే చెబుతాను. టిల్ట్ కాలమ్ కొనేవాళ్ళందరి చూపూ పైన వంగే తల మీదే ఉంటుంది. అసలు చూడాల్సింది దాని కింద. చక్రం తిప్పుడుని కిందికి అందించే కడ్డీ, అంటే షాఫ్టు. అది వంపు తిరిగే చోట ఉండే జాయింట్లు. కాలమ్‌ని పట్టుకునే బ్రాకెట్టు. తల సరిగ్గా వంగకపోతే చిరాకు పడతాం, అంతే. కింద ఏదైనా వదులైతే బండి మన చేతిలో ఉండదు.

ముందు సీటు చూడండి

టేపు తీసుకుని సీట్లో కూర్చోండి. వీపు సీటుకి పూర్తిగా ఆనించి చెయ్యి చాపితే, భుజం పైకి లేవకుండా మణికట్టు చక్రం పైఅంచు మీద ఆనాలి. రొమ్ముకీ చక్రం మధ్యభాగానికీ కనీసం పది అంగుళాలు ఉండాలి. క్లచ్ పూర్తిగా తొక్కి, మళ్ళీ వదలండి. పాదం పైకి వచ్చినప్పుడు ఎడమ తొడకీ చక్రం కింది అంచుకీ మధ్య పిడికిలి పట్టాలి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. బండి నడిపేది ఎవరో వాళ్ళనే కూర్చోబెట్టి కొలవండి. నేను మొదట నా కొలతలు తీసుకున్నాను. నాన్న నాకంటే నాలుగు అంగుళాలు పొట్టి, పొట్ట ఉంది. ఆ కొలతలన్నీ వృథా అయ్యాయి.

సీటుని రెండు అంగుళాలు వెనక్కి జరిపితే ఇబ్బంది తీరిపోతుందా? అయితే సీటు కింద పట్టాలు వేయించుకోండి, కాలమ్ జోలికి పోవద్దు. మా బండిలో సీటు వెనకే క్యాబిన్ రేకు ఉండడం వల్ల ఆ దారి మూసుకుపోయింది. కొందరు చిన్న చక్రం వేయిస్తారు. పవర్ స్టీరింగ్ లేని బండికి అది మంచి ఆలోచన కాదు. 17 అంగుళాల చక్రం తీసి 14 అంగుళాలది పెడితే తిప్పడానికి చేతికి పడే బరువు ఇరవై శాతం పైనే పెరుగుతుంది. భుజం నొప్పి ఉన్న మనిషికి ఆ మార్పు చేస్తే నొప్పి ఇంకా పెరుగుతుంది.

బానెట్ ఎత్తి చూడాల్సింది ఒక్కటే

చక్రం నుంచి వచ్చిన రాడ్డు స్టీరింగ్ బాక్సులోకి, అంటే ఆ తిప్పుడుని టైర్ల వైపు మళ్ళించే పెట్టెలోకి, ఎలా వెళ్తుందో చూడండి. మధ్యలో ఎక్కడైనా జాయింటు గానీ, రబ్బరు కప్లింగ్ గానీ ఉంటే మీ పని సగం సులువైనట్టే. దాని పైభాగం అంతా విప్పేసి కొత్త కాలమ్ పెట్టుకోవచ్చు.

జాయింటు లేకుండా రాడ్డు నేరుగా బాక్సులోకి దిగిపోతే జాగ్రత్త. మహీంద్రా వాళ్ళు మొదట్లో మన దేశంలో బిగించిన విల్లీస్ జీపుల్లో అలాంటి ఏర్పాటే ఉండేది. చక్రం నట్టు దగ్గర నుంచి బాక్సు లోపలి పురి దాకా మొత్తం ఒకటే షాఫ్టు. ఆ వంశంలో వచ్చిన పాత పికప్‌లు చాలావాటిలో ఇదే కనబడుతుంది. అలాంటి షాఫ్టుని మధ్యలో కోసి జాయింటు అతికించేద్దామని చెప్పే మెకానిక్ మీకు తప్పకుండా ఎదురవుతాడు. వద్దనండి. దానికి సరైన దారి ఒక్కటే. కొన చుట్టూ పళ్ళలా గాట్లు ఉన్న పొట్టి షాఫ్టు పైకి వచ్చే బాక్సుని ఎంచుకుని, బాక్సూ కాలమ్ రెండూ కలిపి మార్చాలి. అంటే ఫ్రేముకి బాక్సు బిగించే పళ్ళెం, బాక్సు నుంచి టైర్ల వైపు వెళ్ళే కడ్డీలు (డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింకు) అన్నీ మళ్ళీ లెక్క చూడాలి. పెద్ద పని, పెద్ద ఖర్చు. ఆ స్థోమత లేకపోతే ఇక్కడితో ఆగిపోవడం తప్పు కాదు.

టిల్ట్ రెండు రకాలు

అమెరికా పాత పికప్‌లకి దొరికే టిల్ట్ కాలమ్‌లో కాలమ్ మొత్తం కదలదు. చక్రానికి సరిగ్గా కింద, తల భాగంలో ఒక జాయింటు ఉంటుంది. చిన్న లివరు లాగితే తల మాత్రమే గాట్లు గాట్లుగా పైకీ కిందకీ వంగుతుంది. జనరల్ మోటార్స్ బండ్లలో వచ్చిన ఆ పద్ధతినే ఇప్పుడు ఐడిడిట్, ఫ్లేమింగ్ రివర్ లాంటి కంపెనీలు పాత షెవర్లే, ఫోర్డ్ పికప్‌ల కోసం కొత్తగా తయారుచేసి అమ్ముతున్నాయి. దీని గొప్ప లాభం ఏమిటంటే కాలమ్ కదలదు కాబట్టి డ్యాష్‌బోర్డు దగ్గర బిగింపు సాదాగా సరిపోతుంది.

మన రోడ్ల మీద తిరిగే స్కార్పియో లాంటి బండ్లలో ఉన్నది రెండో రకం. కింద ఒక ఇరుసు, పైన ఒక బిగింపు లివరు. లివరు వదిలితే కాలమ్ మొత్తం కింద ఇరుసు మీద వంగుతుంది. ఇది గుజిరీ షాపుల్లో తేలిగ్గా దొరుకుతుంది, ధర తక్కువ. కానీ ఆ బండ్లలో కాలమ్‌ని పట్టుకోవడానికి డ్యాష్‌బోర్డు వెనక ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒక ఇనుప దూలం ఉంటుంది. పాత పికప్‌లో డ్యాష్‌బోర్డు అంటే వంచిన రేకే. ఆ రేకుకి ఈ కాలమ్ బిగిస్తే, దిగేటప్పుడు చక్రం పట్టుకున్న ప్రతిసారీ రేకు వంగుతుంది. కొన్నాళ్ళకి బోల్టు కన్నం చుట్టూ చీలిక వస్తుంది. ఈ రకం ఎంచుకుంటే దూలం కూడా వేయించాలని ముందే లెక్కలో పెట్టుకోండి.

మేము రెండో రకమే తీసుకున్నాం, దూలం వేయించాం. అమెరికా కాలమ్‌కి రవాణా, కస్టమ్స్ కలిపితే మాకు అందని ధర అయింది. మీది అక్కడి నుంచి వచ్చిన పాత షెవర్లేనో ఫోర్డో అయితే మాత్రం రెండో ఆలోచన లేకుండా దానికోసం చేసిందే తెప్పించుకోండి. అప్పుడు సంవత్సరం, మోడల్ తప్పు చెప్పకండి. గేరు కాలమ్ మీద ఉందా, నేల మీద ఉందా? తాళం డ్యాష్‌బోర్డులోనా, కాలమ్‌లోనా? జనరల్ మోటార్స్ కార్లలో 1969 నుంచి తాళం కాలమ్‌కి మారింది. పికప్‌లలో ఇంకొన్నేళ్ళు డ్యాష్‌బోర్డులోనే ఉంది. వాళ్ళ కాలమ్‌లు 28, 30, 32, 33 అంగుళాలు ఇలా రకరకాల పొడవుల్లో వస్తాయి. అర అంగుళం తేడా సర్దుకోవచ్చు, మూడు అంగుళాల తేడా సర్దుకోలేం.

పీవీసీ పైపుతో నమూనా

ఈ ఉపాయం మాకు చాలా ఖర్చు తప్పించింది. హార్డ్‌వేర్ షాపులో రెండు అంగుళాల పీవీసీ పైపు ఒక ముక్క కొనండి. పాత కాలమ్ విప్పేసి, ఆ పైపుని కొత్త కాలమ్ ఉండాల్సిన చోట తాళ్ళతో కట్టండి. పైన పాత చక్రాన్నే తగిలించి, డ్రైవరుని కూర్చోబెట్టండి. పైకీ కిందకీ జరుపుతూ "ఇక్కడ బాగుందా నాన్నా? ఇంకాస్త దించనా?" అని అడుగుతూ, ఆయన సరే అన్నచోట డ్యాష్‌బోర్డు మీద సుద్దముక్కతో గీత పెట్టాను. ఎక్కేటప్పుడు కావలసిన ఎత్తు ఒకటి, నడిపేటప్పుడు కావలసిన ఎత్తు ఇంకొకటి. రెండు గీతలూ పెట్టండి. ఆ రెంటి మధ్య దూరమే మీకు కావలసిన టిల్ట్. మాకు అది చక్రం దగ్గర మూడు అంగుళాలు తేలింది.

పైపు అలాగే కట్టి ఉండగా ఈ కొలతలు తీసుకోండి: చక్రం నుంచి డ్యాష్‌బోర్డు బిగింపు దాకా, అక్కడి నుంచి కాళ్ళ దగ్గర ఇంజిన్ వైపు రేకు దాకా, ఆ రేకు నుంచి బాక్సు షాఫ్టు కొన దాకా. పైపు మూతి నుంచి బాక్సు దాకా ఒక చెక్క కర్ర పెట్టి చూస్తే షాఫ్టు దారిలో ఏం అడ్డొస్తుందో తెలిసిపోతుంది. ఇంజిన్ పొగ వచ్చే వేడి గొట్టం (సైలెన్సర్ మానిఫోల్డ్) పక్కనుంచి షాఫ్టు వెళ్తుంటే జాయింటులో గ్రీజు కరిగి కారిపోతుంది, కనీసం రెండు మూడు అంగుళాల ఖాళీ ఉంచండి. బ్రేకు పెడలు, క్లచ్ లింకు పూర్తిగా తొక్కించి కూడా చూడండి.

బాక్సు షాఫ్టు మీద పళ్ళు లెక్కపెట్టడం మర్చిపోవద్దు. ఒక పంటి మీద సుద్ద గుర్తు పెట్టి, చుట్టూ తిరిగి రెండుసార్లు లెక్కపెట్టండి. వెర్నియర్‌తో మందం కొలవండి. అమెరికా బాక్సులు చాలావాటికి ముప్పావు అంగుళం మందం, 36 పళ్ళు. టిల్ట్ కాలమ్ కింది కొన సాధారణంగా అంగుళం మందం, 48 పళ్ళు, లేదా రెండు పక్కలా చదునుగా చెక్కిన డీడీ ఆకారం. మన బండ్ల లెక్కలు వేరేగా ఉంటాయి, అందుకే స్వయంగా లెక్కపెట్టాలి. ఒక పన్ను తేడా ఉన్న జాయింటు కూడా సుత్తితో కొడితే ఎక్కినట్టే ఉంటుంది. ఎక్కినా అది పట్టు కాదు.

గుజిరీ షాపులో కొనేటప్పుడు

నేను డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. ఒక పాత సామాన్ల షాపులో శుభ్రంగా తుడిచిన కాలమ్ చూపించారు. "ముందు దెబ్బ తగల్లేదు కదా?" అని అడిగితే లేదన్నారు. ఇంటికి తెచ్చి అదే మోడల్ బండి కాలమ్ పక్కన పెట్టి కొలిస్తే మాది అంగుళంన్నర పొట్టిగా ఉంది. ఇప్పటి కాలమ్‌లు గుద్దుకున్నప్పుడు డ్రైవరు ఛాతీకి దెబ్బ తగ్గించడానికి లోపలికి మూసుకునేలా చేస్తారు. అమెరికాలో కార్లకి 1968 జనవరి 1 నుంచి దీన్ని చట్టం చేశారు. మూసుకునే ఆ భాగాన్ని మామూలు రోజుల్లో నిలబెట్టేవి చిన్న ప్లాస్టిక్ పిన్నులు. గుద్దుడులో అవి తెగిపోతాయి. నేను కొన్న కాలమ్‌లో అవి ఎప్పుడో తెగాయి. మళ్ళీ గుద్దుకుంటే అది కాపాడదు సరికదా, మామూలుగా నడుపుతున్నప్పుడే కదిలే ప్రమాదం ఉంది.

అందుకని మంచి బండిలో ఉన్న కాలమ్ పొడవు ముందే కొలిచి రాసుకుని వెళ్ళండి. బయటి గొట్టం మీద ముడతలు, గీతలు, తాజా రంగు ఉంటే వదిలేయండి. గొట్టం పట్టుకుని షాఫ్టుని ముందుకీ వెనక్కీ లాగితే కదలిక ఉండకూడదు. టిల్ట్ లివరు బిగించి చక్రం బోసుని (మధ్య దిమ్మెని) నాలుగు వైపులా గట్టిగా ఊపండి, టకటక శబ్దం రాకూడదు. జనరల్ మోటార్స్ రకం పాత కాలమ్‌లో తల ఊగుతుంటే చాలాసార్లు కారణం లోపల ఉండే నాలుగు బోల్టులు వదులవడమే. అవి విప్పి బిగించుకోవచ్చు, కాబట్టి ఆ ఒక్క కారణంతో మంచి కాలమ్‌ని వదులుకోకండి. రెండో రకంలో ఇరుసు బుష్ అరిగితే మాత్రం కొనకండి.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న చక్రం తీసుకోవద్దు. దాని లోపల పేలే మందు ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ లేని చక్రం వేరుగా తీసుకోండి, దాని లోపలి పళ్ళు కాలమ్‌కి సరిపోతున్నాయో లేదో షాపులోనే ఎక్కించి చూడండి. కాలమ్‌కి మోటారు తగిలించి ఉన్న ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కూడా ఇస్తామంటారు. దాని కంప్యూటర్, సెన్సర్లు, పాత బండి డైనమో అన్నీ కలిసి పనిచేయాలి. చేతి నిండా అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గర లేకపోతే దాని జోలికి పోవద్దు.

విశాఖ ఆటోనగర్‌లో సామాను ఎక్కువ, బేరం కూడా ఎక్కువ. సాలూరులో లారీ పనులు తరతరాలుగా చేస్తున్న మెకానిక్‌లు ఉన్నారు. స్టీరింగ్ విషయంలో వాళ్ళ మాటకి విలువ ఇవ్వండి. ఒడిశా ఘాట్ ఎక్కీ దిగీ వచ్చే లారీలని చూసినవాళ్ళు వాళ్ళు.

షాఫ్టు, జాయింట్లు

సాలూరులో ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది: "ఎల్డింగ్ రాడ్డు ఘాట్లో ఇరిగితే ఏటి చేత్తావు బాబూ?" వెల్డింగ్ చేసినప్పుడు అతుకు గట్టిగానే ఉన్నట్టు కనిపిస్తుంది. వేడికి దాని పక్కనున్న ఇనుము గుణం మారిపోతుంది, పగులు అక్కడ మొదలవుతుంది. స్టీరింగ్ షాఫ్టు రోజూ అటూ ఇటూ మెలితిరుగుతూ ఉంటుంది కాబట్టి ఆ పగులు ఆగదు. లేత్‌లో చేయించిన కప్లింగ్ కూడా వద్దు. పళ్ళు సరిపోయే కంపెనీ జాయింటు కొనండి.

జాయింటు కోణం ఎంత తక్కువైతే అంత మంచిది. 30 డిగ్రీలు దాటించకండి. కారణం చెబుతాను. కోణంలో ఉన్న ఒంటి జాయింటు పైన చక్రాన్ని ఒకే వేగంతో తిప్పినా, కింద షాఫ్టు ఒకే వేగంతో తిరగదు. 30 డిగ్రీల దగ్గర కింద వేగం ఒక చుట్టులోనే 0.87 వంతుకీ 1.15 వంతుకీ మధ్య మారుతుంది. చేతికి అది ఒకచోట బరువుగా, ఒకచోట తేలికగా తెలుస్తుంది. రెండు జాయింట్లు పెట్టి, రెండింటి కోణం సమానంగా ఉంచితే ఒకదాని తేడాని ఇంకొకటి సరిచేస్తుంది. కానీ అలా జరగాలంటే మధ్య షాఫ్టు రెండు కొనల్లో ఉన్న జాయింటు చెవులు ఒకే వరసలో ఉండాలి. మాకు మొదట బిగించినప్పుడు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా వచ్చింది. చక్రం తిప్పితే పట్టేసినట్టు, వదిలేసినట్టు ఉండేది. విప్పి వరస కలిపేసరికి వెన్నలా తిరిగింది.

మూడు జాయింట్లు తప్పకపోతే మధ్యలో షాఫ్టుకి ఆధారంగా ఒక బేరింగు ఫ్రేముకి బిగించాలి. అది లేకపోతే షాఫ్టు తాడులా ఊగుతుంది. మధ్య షాఫ్టు ఒకదానిలో ఒకటి జారే రకం అయి ఉండాలి. బాక్సు ఫ్రేము మీద, కాలమ్ క్యాబిన్ మీద ఉంటాయి. గుంతలో పడినప్పుడు అవి రెండూ ఒకేలా కదలవు.

షాఫ్టు కొన జాయింటులోకి పూర్తిగా దిగాలి, కానీ లోపలి క్రాసుకి తగలకూడదు. బిగించే స్క్రూ కింద షాఫ్టు మీద చిన్న గుంట తవ్వించి, స్క్రూ మరలకి అది వదులవకుండా పట్టే లాక్ మందు రాసి, పైన లాక్ నట్టు వేయండి.

బిగింపు

ముందు టైర్లు తిన్నగా పెట్టండి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి. చక్రం తీయడానికి దాన్ని లాగి ఊడదీసే పనిముట్టు, పుల్లరే వాడండి. షాఫ్టు కొన మీద సుత్తి దెబ్బ వేస్తే నేను చెప్పిన ఆ ప్లాస్టిక్ పిన్నులు అక్కడే తెగిపోతాయి. బోల్టులన్నీ ముందు వదులుగా పెట్టి, షాఫ్టు తేలిగ్గా తిరిగే చోటు దొరికాకే బిగించండి. హారన్ వైరు, ఇండికేటర్ వైర్లు టిల్ట్ పూర్తిగా పైకి పెట్టినప్పుడు లాగకుండా, కిందకి పెట్టినప్పుడు నలగకుండా కాస్త వదులు ఉంచండి. కళింగపట్నం, భావనపాడు వైపు తిరిగే బండి అయితే ఉప్పు గాలికి టిల్ట్ ఇరుసు బిగుసుకుపోతుంది, గ్రీజు ఎక్కువ రాయండి.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి ముందే వెళ్ళండి

పని అయ్యాక కాదు, మొదలుపెట్టక ముందే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం సి-బుక్‌లో ఉన్న, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చే మార్పు చేయకూడదు. ఏం చేయబోతున్నారో, ఏ సామాను వాడుతున్నారో ఫోటోలతో ఆర్టీవో ఆఫీసులో చూపించి, రాతపూర్వకంగా అడగండి. సరుకు బండికి ఎనిమిదేళ్ళు దాటితే ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. స్టీరింగ్ ప్లే, అంటే చక్రంలో వదులు, అక్కడ చూస్తారు. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా తెలియజేయండి. బండి యాభై ఏళ్ళు దాటి, సొంత వాడకానికే ఉండి, దాన్ని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించాలని ఉంటే 2021 నిబంధనలు మూల రూపం చెడకూడదంటాయి. విప్పిన పాత సామాను ఒక్కటి కూడా అమ్మకండి. గోనెలో చుట్టి అటక మీద పెట్టండి.

రోడ్డెక్కే ముందు

ముందు భాగాన్ని జాకీల మీద లేపి, స్టాండ్లు పెట్టి, టిల్ట్ ప్రతి గాటులోనూ చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పండి. ఎక్కడా పట్టకూడదు, గీసుకోకూడదు. ఒకరు చక్రం తిప్పుతుంటే ఇంకొకరు బానెట్ కింద జాయింట్లనే చూస్తూ ఉండాలి. తాళం కాలమ్‌లో ఉంటే, కదులుతున్న బండిలో స్టీరింగ్ లాక్ పడే అవకాశం లేదని నిర్ధారించుకోండి. తర్వాత బండి దించి, ఖాళీ మైదానంలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో నడపండి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ప్రతి బోల్టూ మళ్ళీ చూడండి. మాకు బ్రాకెట్టు బోల్టు ఒకటి పావు చుట్టు బిగిసింది. బండి నడుస్తున్నప్పుడు టిల్ట్ లివరు ముట్టుకోకూడదని నడిపే అందరికీ చెప్పండి.

పని పూర్తయిన రోజు నాన్న లివరు వదిలి చక్రాన్ని పైకి నెట్టారు. ఎవరినీ పట్టుకోకుండా, పొట్ట లాక్కోకుండా, నేరుగా ఎక్కి కూర్చున్నారు. చక్రం దించి, లివరు బిగించి, రెండుసార్లు ఊపి చూసుకుని, "నరసన్నపేట దాకా వెళ్ళొస్తా" అన్నారు.